దవాఖానలో పదకొండు మంది పోచమ్మలు

సోమవాగు సర్కారు దవాఖానలో ఉన్నవి ఆరు మంచాలు. ఆ ఏడు శ్రావణంలో ఒక ఆదివారం పొద్దున, పది కొట్టకముందే, ఆ ఆరు మంచాల మీద పదకొండు మంది పోచమ్మలు చేరారు.

నమ్మకపోతే రిజిస్టరు చూడవచ్చు. కాంపౌండరు ముత్యం స్వయంగా రాశాడు. గుండ్రటి అక్షరాలు, కొట్టివేతలు లేవు.

"పేరు?" అని అడిగాడు మొదటి ఆమెను.

"పోచమ్మను," అంది ఆమె, తల గిరగిరా తిప్పుతూ.

"వయసు?"

"యుగాలు లెక్కబెడ్తవా బిడ్డా?"

"ఊరు?"

"ఊరు నాది. ఊరవతల నాది. నడుమ నువ్వెవ్వనివిరా అడగనీకె?"

ముత్యం "ముల్కగూడెం" అని రాసి రెండో మంచానికి వెళ్లాడు. అక్కడా పోచమ్మే. మూడో ఆమె కూడా పోచమ్మే. నాలుగో ఆమె దగ్గర విసుగొచ్చి "పైలెక్కనే" అని రాశాడు. అయిదో ఆమె మాత్రం తాను పోచమ్మ కాదనీ, ఆమె చెల్లెలు మైసమ్మననీ చెప్పింది. పక్కనున్న నాలుగో పోచమ్మకు అది గిట్టలేదు. "ఇయ్యాల నా పండుగ. నీదెప్పుడో వస్తది, జరుగు," అంది. అయిదో ఆమె కాసేపు ఆలోచించి తానూ పోచమ్మేనని ఒప్పుకుంది.

పదకొండో ఆమె పేరు ముత్యం అడగలేదు. ఆమె సత్తవ్వ, అతని సొంత అక్క. తల్లి పోయినప్పుడు ముత్యానికి రెండేళ్లు. చంకనెత్తుకుని పెంచింది అక్కే. మిగతా పదిమంది కూర్చుని ఊగుతుంటే ఆమె ఒక్కతే పడుకుని ఉంది. "అక్కా," అన్నాడు ముత్యం. ఆమె కళ్లు అతని మీదుగా వెళ్లి గోడ మీది బల్లి దగ్గర ఆగాయి.

అమ్మవారు మనిషి మీదికి రావడాన్ని ఆ ప్రాంతంలో శిగం అంటారు. శిగం వస్తే ఒళ్లు కాలుతుంది, చెమటలు కారుతాయి, బిందెలకు బిందెలు నీళ్లు తాగుతారు, ఒకచోట నిలవరు. అలా శిగమూగే హక్కున్న ఆడవాళ్లను శివసత్తులంటారు. సత్తవ్వ ఇరవై ఏళ్లుగా ముల్కగూడేనికి శివసత్తి. శిగం ఎప్పుడొచ్చినా గంటసేపు. తర్వాత లేచి, జుట్టు ముడేసుకుని, ఇంటికి పోయి గటక వండుకునేది. ఈసారి మాత్రం అమ్మవారు శుక్రవారం పొద్దున ఎక్కి ఆదివారం దాకా దిగలేదు. పైగా ఎక్కవలసిన ఇద్దరు ముగ్గురి మీద కాక పదకొండు మంది మీద ఎక్కింది.

వాళ్లను మూడు బండ్లలో తోలుకొచ్చినవాడు ముల్కగూడెం అమ్మవారి పూజారి, బైండ్ల రాజయ్య. అతని వెంట ఊరు ఊరంతా వచ్చింది. డప్పులూ వచ్చాయి. కొత్త డాక్టరు సుందరరామయ్య ముందు చేతులు కట్టుకుని రాజయ్య తన కోరిక చెప్పాడు.

"తల్లి దిగుతలేదు డాక్టర్ సాబ్. దిగేటట్టు ఏదన్న సూది ఉంటె ఇయ్యి. గని జర చూసి ఇయ్యి. మంగళవారం బోనాలున్నయి. మల్ల ఎక్కేటట్టు ఉండాలె."

సుందరరామయ్యది రాజమండ్రి దగ్గర. ఉద్యోగంలో చేరి మూడు నెలలు. వైద్య కళాశాలలో అతనికి చాలా సూదులు నేర్పారు గాని ఈ సూది నేర్పలేదు. అతను వార్డులోకి వెళ్లాడు. వెళ్లినవాడు వెళ్లినట్టే వెనక్కి వచ్చాడు.

"ముత్యం! అందరికీ కామెర్లు! పదకొండు మందికీ!"

"పసుపు సార్," అన్నాడు ముత్యం. "పండుగ గద."

డాక్టరు మళ్లీ వెళ్లి ఒకామె కనురెప్ప కిందికి లాగి చూశాడు. కన్ను తెల్లగా ఉంది. బొటనవేలు పచ్చబడింది. మొహాలకు, చేతులకు, కాళ్లకు నూనెలో కలిపి దట్టంగా పూసుకున్న పసుపు. అది తీసేస్తే మనిషి ఏ రంగులో ఉందో తెలుస్తుంది. పోచమ్మ ఒంటి మీది పసుపు తీయడానికి ఎవరు ఒప్పుకుంటారు? నాడి చూస్తే పదకొండు మందికీ పరుగు తీస్తోంది. వరండాలో డప్పులు మోగుతుంటే తీయదా? చెమట చూస్తే అందరికీ కారుతోంది. వాన ముఖం చాటేసిన శ్రావణంలో డాక్టరుకూ కారుతోంది. ఉన్నది ఒకటే థర్మామీటరు. చంకలో పెడితే మూడు నిమిషాలు కదలకుండా ఉండాలి, ఊగుతున్న శివసత్తిని మూడు నిమిషాలు ఆపగలవాడు ఆదిలాబాద్ జిల్లాలో ఇంకా పుట్టలేదు.

సత్తవ్వకు మాత్రం ఊగే ఓపిక లేదు కాబట్టి ఆమెకు పెట్టగలిగారు. నూట అయిదు చూపించింది.

"జ్వరం మందు, ముందు ఈవిడకి. త్వరగా!" అన్నాడు డాక్టరు.

ముత్యం ఆస్పిరిన్ పొడి నీళ్లలో కలిపి, అక్క తల ఒళ్లో పెట్టుకుని, గిన్నె ఆమె పెదవుల దాకా తెచ్చాడు. సరిగ్గా అప్పుడే సైకిలు మీద ఒక మనిషి వచ్చిపడ్డాడు. సైకిలు ఒకవైపు, మనిషి ఒకవైపు, చేతిలోని రేకు డబ్బా మరోవైపు. అతను ముల్కగూడెం గ్రామసేవక్, రైతులకు కొత్త సాగు నేర్పే సర్కారు ఉద్యోగి. మూడు రోజులు మంచిర్యాలలో మీటింగుకు పోయి, అప్పుడే ఊరికి వచ్చి, తన గదిలో ఆ డబ్బా ఖాళీగా ఉండటం చూసి పరుగెత్తుకొచ్చాడు.

జరిగింది ఇది. ముల్కగూడెంలో పోచమ్మ పండుగకు ముందు ఊరి పనులు చూసే సుంకరి పోశం గంప పట్టుకుని వీధి వీధి తిరుగుతాడు. వీధికి తలుపున్న ప్రతి ఇల్లూ ఒక పిడికెడు పసుపు వెయ్యాలి. ఒక్క గడప తప్పినా తల్లికి కోపం వస్తుంది, ఊరికి అరిష్టం. ఈ ఏడు గ్రామసేవక్ కొత్తగా ఒక గది అద్దెకు తీసుకున్నాడు. గదికి వీధి తలుపుంది. గది ఊడ్చేది పోశమే కాబట్టి తాళంచెవి అతని దగ్గరే ఉంది. మనిషి ఊళ్లో లేకపోయినా గడప గడపే కదా! పోశం తాళం తీసి, దండం పెట్టి, మూలనున్న డబ్బా మూత తీశాడు. లోపల నిమ్మపండులా మెరుస్తున్న పచ్చటి పొడి. డబ్బా మీద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. సర్కారు వస్తువు మీద ఇంగ్లీషు ఉండక ఏముంటుంది? పిడికెడు తీసినవాడు, అంత మంచి పసుపు చూసి మనసాగక, డబ్బా మొత్తం గంపలో వేరే మూట కట్టుకున్నాడు.

"సర్కారు పసుపు," అని రాజయ్యకు అందించాడు. రాజయ్య దాని రంగు చూసి మురిసిపోయి, ఇది మామూలు మనుషులకు తగదు, శివసత్తులకే పూయాలని తీర్పు చెప్పాడు.

అది పొలంలో కలుపు చంపే మందు. బ్లాకు ఆఫీసు వాళ్లు నమూనా మడిలో చల్లి చూపించమని గ్రామసేవక్‌కు ఇచ్చిన గడ్డిమందు.

డాక్టరు డబ్బా మీది అక్షరాలు చదివాడు. గదిలోకి పరుగెత్తి లావుపాటి పుస్తకం తెరిచాడు. పేజీలు తిప్పుతున్న చప్పుడు వార్డుదాకా వినిపించింది. తర్వాత ఒక కేక వినిపించింది.

"ఆపు! ముత్యం, ఆ మందు పొయ్యకు!"

ముత్యం గిన్నెను అవతలికి విసిరేశాడు.

"అది ఇస్తే వేడి ఇంకా పెరుగుతుంది," అన్నాడు డాక్టరు, పుస్తకం చేతిలోనే పట్టుకొచ్చి. "ఈ విషం ఒంట్లో పొయ్యి రాజేస్తుంది. కొవ్వు, కండ అన్నీ ఊరికే మండిపోతాయి. చర్మం గుండా లోపలికి పోతోంది. ముందు దాన్ని కడగాలి. ఒళ్లు చల్లబరచాలి. నీళ్లు, చక్కెర నీళ్లు తాగిస్తూ ఉండాలి. కదలకూడదు, చప్పుడు ఉండకూడదు."

"విరుగుడు, సార్?"

"లేదు. చల్లబడితే బతుకుతుంది," అన్నాడు డాక్టరు.

ముత్యం అక్క తల దిండు మీద పెట్టి లేచాడు. ఇరవై ఏళ్లుగా అక్క మీదికి అమ్మవారు వస్తే అతను కాస్త సిగ్గుపడేవాడు, చదువుకున్నవాడు కదా. ఇప్పుడు మాత్రం ఇది అమ్మవారే అయితే ఎంత బాగుండునని మనసారా అనిపించింది.

దవాఖానలో ఉన్నది ఒక సబ్బు బిళ్ల, ఒక చేదబావి, ఒక చేద. రోగులు పదకొండు మంది. ముందు ఎవరిని కడగాలి? డాక్టరు వార్డు మధ్యలో నిలబడి గట్టిగా అడిగాడు: "సర్కారు పసుపు పూసుకున్నది ఎవరెవరు?"

"నేను!" అన్నారు పదిమందీ ఒక్క గొంతుతో. ఎందుకనరు? శివసత్తులకు మాత్రమే అన్న పసుపు అది. దొంగచాటుగా చిటికెడు తీసుకున్నవాళ్లున్నారు, తీసుకోలేకపోయి కుళ్లుకున్నవాళ్లున్నారు. ఊరంతా కిటికీల్లోంచి చూస్తుండగా నాది ఇంటి పసుపని ఏ పోచమ్మ చెబుతుంది? అడిగితే లాభం లేదని డాక్టరుకు కూడా తెలిసిపోయింది.

ఆ గందరగోళంలో ఆయా దుర్గవ్వ మాత్రం తీరిగ్గా గోడకు ఆనుకుని ఆకు మడుచుకుంటోంది. పొద్దుటినుంచి పోచమ్మలను మంచాలెక్కించీ దించీ ఆమె చేతులు పచ్చబడ్డాయి. డబ్బీలోంచి సున్నం వేలితో తీసింది. ముత్యం చూస్తుండగానే ఆ వేలు ఎర్రబడింది.

"వేలు తెగిందా దుర్గవ్వా?"

"తెగుడేంది? పసుపుకు సున్నం తాకింది. దిష్టినీళ్లు ఎన్నడు చూడలేవా?"

ముత్యం ఆమె చేతిలోంచి సున్నం డబ్బీ లాక్కున్నాడు. ఆమె తిడుతూనే ఉంది. అతను మొదటి మంచం దగ్గరికి పోయి, ఊగుతున్న పోచమ్మ నుదుట వేలితో ఒక గీత గీశాడు. గీత రక్తంలా ఎర్రబడింది. అచ్చమైన పసుపు. రెండో ఆమెకు ఎర్రబడింది. మూడో ఆమెకు ఎర్రబడలేదు. సున్నం తెల్లగా, దాని చుట్టూ పచ్చదనం ఇంకా ముదిరి, అలాగే ఉండిపోయింది. ఆమె కుమ్మరి ఐలవ్వ, రెండో శివసత్తి. ఎనిమిది మంది నుదుళ్లు ఎర్రబడ్డాయి. మూడు ఎర్రబడలేదు. ఐలవ్వది, పోశం పెండ్లాం యాదవ్వది, చివరి మంచం మీద సత్తవ్వది.

అక్క నుదుటి మీద ముత్యం మూడుసార్లు గీశాడు. ఎర్రబడుతుందేమోనని ఆశ. ఎర్రబడలేదు.

"భేష్!" అన్నాడు డాక్టరు. పుస్తకంలో లేని పరీక్ష ఒకటి కళ్లముందు జరిగేసరికి సంతోషం పట్టలేకపోయాడు. "ఈ ముగ్గురే! మిగతావాళ్లు ఇళ్లకు పోవచ్చు."

కాని కిటికీల్లోంచి ఆ పరీక్ష చూసినవాళ్లకు అది మరోలా అర్థమయింది. రాజయ్య వార్డులోకి వచ్చి, సత్తవ్వ నుదుటి మీది తెల్లటి గీతలు చూసి, అలాగే నేల మీద సాగిలపడ్డాడు.

"ఎనిమిది మందిది ఉత్త పసుపు," అని జనానికి ప్రకటించాడు. "సున్నం తాకంగనే రంగు మార్చిండ్రు. గీ ముగ్గురే అసలు. సున్నానికి సుత లొంగలే! గీ తల్లులను ముట్టిన్రంటే మీ దవాఖాన కాలిపోతది."

ఎర్రబడ్డ ఎనిమిది మంది ఊగడం ఆపేశారు. ఒకామె మాత్రం లోకువ భరించలేక "నాకు మల్లొకసారి గియ్యి, సరిగ్గ గియ్యలే" అని ముత్యం వెంటపడింది. బయట డప్పులు రెట్టింపు మోగాయి. ఎవరో మేకపోతును కూడా పట్టుకొచ్చారు. దాన్ని వార్డులోకి తోలబోతే దుర్గవ్వ చీపురుతో అడ్డం నిలబడింది.

డాక్టరు గొంతు చించుకున్నాడు. విషమన్నాడు, పోలీసులన్నాడు, కలెక్టరన్నాడు. ఎవరూ వినలేదు. సత్తవ్వ ఊపిరి కుక్కపిల్లకు ఎగపోస్తున్నట్టు ఎగపోస్తోంది. ముత్యం ఆమె అరికాలు తాకి చూశాడు. పెనంలా ఉంది. ఇంకొక గంట ఇలాగే వాదిస్తే వాదించడానికి కారణం ఉండదని అతనికి అర్థమయింది. భయం పోయి కోపం వచ్చింది. ఆ కోపంలోనే అతనికి తెలివి వచ్చింది.

"రాజయ్య మామా," అన్నాడు. "మూడు దినాల కింద ఎక్కిన తల్లి ఎందుకు దిగుతలేదో చెప్పు."

"గదే గద తెలుస్తలేదు బిడ్డా."

"ఒళ్లు ముట్టి చూడు. మండుతున్నదా లేదా? గింత ఉడుకుల తల్లి ఎట్ల దిగుతది? మీరేమొ డప్పులు కొట్టి ఇంక ఎగేస్తున్నరు. సల్లవెట్టాలె మామా. నూటొక్క బిందెల నీళ్లు పొయ్యాలె. సప్పుడు బందు చెయ్యాలె. తల్లి పండుకోవాలె. మంచిగ నిద్రవడితె తానే దిగుతది."

రాజయ్య ఆలోచించాడు. అమ్మవారిని చల్లబరచడం అతనికి తెలిసిన పనే, బతుకంతా చేసిన పనే. "ఏపాకు నీళ్లా?" అని మాత్రం అడిగాడు.

"ఏపాకు ఏస్కో. సబ్బు సుత రుద్దాలె."

"సబ్బా! తల్లికి సబ్బేందిరా? అండ్ల కొవ్వుంటదట!"

"మేకపోతును తలకాయతోని తినే తల్లికి సబ్బు ఎక్కువైందా?"

ఈ మాటకు జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. రాజయ్య ఒప్పుకున్నాడు.

ఆ తర్వాత జరిగింది చూడవలసిందే. బావి నుంచి వార్డు దాకా ముల్కగూడెం ఆడవాళ్లు వరుస కట్టారు. ఎర్రబడ్డ ఎనిమిది మందీ ముందు నిలబడ్డారు. బిందె చేతులు మారుతూ వస్తోంది, ఖాళీ బిందె చేతులు మారుతూ పోతోంది. మగవాళ్లను బయటికి పంపి, మంచాలకు చీరలు అడ్డం కట్టి, దుర్గవ్వ సబ్బుతో రుద్దుతోంది. ఒక సబ్బు అరిగిపోతే ఊళ్లోని కోమటి దుకాణం తెరిపించి మరో అయిదు తెచ్చారు. డాక్టరు చేతులకు గుడ్డలు చుట్టుకోమని అందరికీ చెప్పాడు. తల్లిని వట్టి చేతులతో ముట్టకూడదని రాజయ్య దాన్ని సమర్థించాడు. పసుపు అంటిన బట్టలన్నీ ఊడదీసి వేరుగా పడేశారు. తర్వాత తడి చీరలు కప్పి, ఇద్దరిద్దరు కూర్చుని తాటాకు విసనకర్రలతో విసిరారు. చెంచాతో చక్కెర నీళ్లు పోశారు. డప్పుల వాళ్లు డప్పులు పక్కన పెట్టి, గుసగుసలాడే వాళ్ల నోళ్లు మూయించే పని చేపట్టారు.

డాక్టరు అరగంటకొకసారి థర్మామీటరు తీసి వెలుతురులో పట్టుకునేవాడు.

"నూట నాలుగున్నర."

ఆ అంకె బిందెల వరుస వెంట గుసగుసగా బావి దాకా పోయేది. అక్కడివాళ్లు కళ్లకద్దుకునేవారు. మధ్యాహ్నానికి నూట మూడయింది. వరుస చివర నిలబడ్డ ఒక ముసలి రైతు చాలా సేపు తటపటాయించి ముత్యం చెవిలో అడిగాడు: "తల్లి చెప్పిన పంట నూటమూడు బస్తాలా బిడ్డా, పుట్లా?"

"ఇంక తగ్గాలె తాతా," అన్నాడు ముత్యం. ముసలాయన మొహం మాడిపోయింది.

పొద్దు వాలేసరికి ఐలవ్వ, యాదవ్వ తేరుకున్నారు. సత్తవ్వ మాత్రం నూట రెండు దగ్గర ఆగిపోయింది. చీకటి పడ్డాక వంద అయింది. తెల్లారేసరికి ఆమె కళ్లు తెరిచి, తమ్ముణ్ని చూసి, "ఏందిరా, ఎండిపోయినవు? అన్నం తినలేదా?" అంది. ముత్యం ఏడ్చాడు. దాచుకోలేదు.

డాక్టరు అతన్ని పక్కకు పిలిచాడు. "ఒంట్లో ఇంకా ఉంది ముత్యం. లేవకూడదు, ఆవేశపడకూడదు. మళ్లీ వేడెక్కితే ఈసారి గుండె తట్టుకోదు. నేను కూడా ఏం చెయ్యలేను."

ఎనిమిది గంటలకు రాజయ్య ఊరి పెద్దలతో వచ్చాడు. సత్తవ్వకు దండం పెట్టి, ఆమె పసుపు వదలని చేతులు చూసి తల ఊపాడు. ఎన్ని సబ్బులు అరిగినా ఆ పచ్చదనం పోలేదు. తర్వాత పోశం వైపు తిరిగి సంతోషంగా అన్నాడు.

"సర్కారు పసుపు ఇంక రెండు శేర్లున్నది. గుడిల దాచినం. గింత మహిమ ఉన్న పసుపు నా జిందగిల చూడలే. రేపు బోనాలకు ఇంటింటికి పంచుదాం. చిన్నపిల్లలకు సుత రుద్దాలె."

డాక్టరు లేచాడు. విషం గురించి మళ్లీ మొదలుపెట్టాడు. ఒంట్లో పొయ్యి గురించి, చర్మం గురించి, చిన్నపిల్లల గురించి చెప్పి, దాన్ని బావులకు దూరంగా లోతున పాతిపెట్టమని చేతులు జోడించాడు. అందరూ మర్యాదగా విన్నారు. "డాక్టర్ సాబ్ రాత్రంత నిద్ర లేదు, పాపం," అన్నాడు రాజయ్య. "జర పండుకోండ్రి." ముత్యం చెప్పాడు, అది గడ్డిమందని గ్రామసేవక్ చెప్పాడు. పెద్దలు తలూపి, పంచే వేళ సాయంత్రమా పొద్దుటా అని మాట్లాడుకోసాగారు.

వెనక మంచం కిర్రుమంది.

సత్తవ్వ లేచి నిలబడింది. ముడి విప్పింది. జుట్టు మొహం మీద పడింది. పెద్దగా ఒక కేక వేసింది, దానికి గోడ మీది గడియారం కూడా ఒక క్షణం ఆగిందనిపించింది. ఆమె ఊగడం మొదలుపెట్టింది.

"అక్కా!" ముత్యం ఒక్క దూకులో వెళ్లి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. అయిపోయింది, మళ్లీ ఎక్కింది, ఇక దిగదు అనుకున్నాడు.

"ఎవ్వనిదిరా గా పసుపు?" అని అరిచింది ఆమె. "గడ్డికి పెట్టేది నాకు పెట్టిన్రా? నా ఒళ్లు కాల్చిన్రు! నా బిడ్డలకు పూస్తె మీ వంశం కాలుస్త! ఊరవతల, పొలాలకు, బావులకు దూరం, నడుం లోతు గుంత తవ్వి పాతుండ్రి! ముట్టిన చేతులు మూడుసార్లు సబ్బుతోని కడుగుండ్రి!"

రాజయ్య నేల మీద పడ్డాడు. పెద్దలు పడ్డారు. పోశం అందరికంటే ముందు పడ్డాడు. సబ్బు మాట వినగానే డాక్టరు తలెత్తి, కళ్లజోడు సర్దుకుని, ఆమె వైపు చూశాడు.

ముత్యం వేళ్ల కింద నాడి నెమ్మదిగా, తీరుగా కొట్టుకుంటోంది. చెయ్యి చల్లగా ఉంది. అతను నమ్మలేక మరింత గట్టిగా పట్టుకున్నాడు.

చెదిరిన జుట్టు అతని చెవి దాకా వంగింది.

"ఒదులు తమ్మీ," అంది చాలా మెల్లగా. "నేనే."

ముత్యం చెయ్యి వదిలి, అందరితో పాటు వంగి దండం పెట్టాడు.